మాయ ఎమ్మారై సరిగా రావడం లేదా? మెషీన్‌ను తర్వాత అనుమానిద్దాం

పాత సిజేరియన్ మచ్చ మీద మాయ (ప్లాసెంటా) ఉంది, గర్భాశయం గోడలోకి పాతుకుపోయిందా లేదా అన్నది అల్ట్రాసౌండ్‌లో తేలలేదు. అలాంటి కేసే మన దగ్గరికి వస్తుంది. బొమ్మలు పనికిరాకపోతే, చాలాసార్లు తేడా జరిగేది పేషెంట్‌ను సిద్ధం చేయడంలోనో, స్లైస్ (ఒక్కో పొరగా తీసే కోత బొమ్మ) పెట్టిన కోణంలోనో.

బొమ్మలు కదిలిపోయాయి
బిడ్డ కదులుతుంది, తల్లి ఊపిరి తీస్తుంది. రెండూ ఆపలేం. హేస్ట్ లాంటి సింగిల్ షాట్ టీ2 (నీరు తెల్లగా కనిపించే, వేగంగా తీసే ఎమ్మారై పద్ధతి) వాడితే ఒక్కో స్లైస్ సుమారు సెకనులో అయిపోతుంది. ఆయాసపడుతున్న మనిషిని ఊపిరి బిగపట్టమని బలవంతపెట్టకండి, మెల్లగా తీసుకోమంటే చాలు. వెల్లకిలా పడుకుంటే గర్భం బరువుకి పెద్ద సిర నొక్కుకుపోయి కళ్లు తిరుగుతాయి. ఎడమ పక్కకు ఒత్తిగిలేలా నడుము కింద దిండు పెడితే ఆమె స్థిమితంగా ఉంటుంది, స్కాన్ కూడా.

మాయకూ గోడకూ మధ్య గీత కనబడదు
ముందు మూత్రాశయం చూడండి. ఖాళీగా ఉంటే ముడుచుకుపోయి హద్దు తెలియదు, మరీ నిండితే గోడను నొక్కేస్తుంది. సగం నిండితే సరి. అది బాగానే ఉంటే తప్పు కోణానిది: శరీరం సాజిటల్ (కుడి ఎడమలను విడదీసే నిలువు కోత) చూసి పెట్టిన స్లైస్ గోడను ఏటవాలుగా కోస్తుంది, గీత అలుక్కుపోతుంది. అనుమానం ఉన్నచోట గోడకు నిట్టనిలువుగా, 3-4 మిల్లీమీటర్ల మందంతో మళ్లీ తీయండి. ఈ ఒక్క దిద్దుబాటే చాలా రిపోర్టులను నిలబెడుతుంది.

మాయలో నల్ల పట్టీలు
హేస్ట్‌లో రక్తం పారే నాళం కూడా నల్లగానే పడుతుంది. అదే చోట ట్రూఫిస్ప్ లేదా ఫియెస్టా (పారే రక్తం తెల్లగా పడే పద్ధతి, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది) తీయండి. తెల్లబడితే నాళం, నల్లగానే ఉంటే నిజమైన పట్టీ, మాయ పాతుకుపోయిందన్న అనుమానానికి ఒక గుర్తు. రెండు రకాల బొమ్మలూ లేకుండా రిపోర్ట్ రాయడం దండగ.

గోడ ఒకచోట ఉబ్బింది
నొప్పి లేని సంకోచం కావచ్చు. కాసేపాగి మళ్లీ తీస్తే సాధారణంగా పోతుంది.

బొమ్మ మధ్యలో నల్ల నీడ
3 టెస్లా (అయస్కాంత శక్తి కొలత) మెషీన్‌లో మామూలే. 1.5 టెస్లా మెషీన్‌కి మార్చండి.

మాయంతా మచ్చలు మచ్చలుగా ఉంది
నెలలు చూడండి. 35 వారాలు దాటాక ఆరోగ్యమైన మాయ కూడా అలాగే కనిపిస్తుంది, గోడా పలచబడుతుంది. 24 లోపు మాయ ఇంకా ముదరదు. 28-32 వారాల మధ్య అపాయింట్‌మెంట్ ఇవ్వండి. రక్తస్రావం అవుతుంటే మాత్రం వారాలు లెక్కపెట్టకండి. స్పష్టత కోసమని గాడోలినియం (సిరలోకి ఎక్కించే ఎమ్మారై మందు) జోలికి వెళ్లొద్దు, అది మాయ దాటి బిడ్డకు చేరుతుంది.