మూడేళ్ల పిల్లల మారాం: ఏది ఎందుకు, ఏం చేయాలి

గుంటూరు బ్రాడీపేటలో చిన్న పిల్లల బడిలో పని చేస్తాను. జూన్‌లో బడి తెరిచిన మొదటి నెలంతా అమ్మానాన్నలు నన్ను అడిగేది ఒకటే: "మేడమ్, వీడెందుకిలా చేస్తున్నాడు?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "ఎప్పుడు చేస్తున్నాడు?" చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు.

అందుకే ముందు ఒక పని చెబుతాను. వంటింట్లో పాల ప్యాకెట్ల లెక్క రాసుకునే కేలండరు ఉంటుంది కదా, దాని మీదే ఓ వారం రోజులు రాయండి. పేచీ ఎన్ని గంటలకు మొదలైంది, దానికి ముందు ఏం జరిగింది, ఆ రోజు మధ్యాహ్నం నిద్రపోయాడా, ఆఖరిసారి ఏం తిన్నాడు. ఈ నాలుగు చాలు. కింద చెప్పిన వాటిలో సగం సమస్యలకు కారణం ఆ కాగితం మీదే దొరుకుతుంది.

షాపులో నేల మీద పడి దొర్లుతున్నాడు

పట్నం బజారుకో, విజయవాడ బీసెంట్ రోడ్డుకో తీసుకెళ్తారు. బొమ్మ కొననంటే రోడ్డు మీదే దొర్లుతాడు. చుట్టూ జనం చూస్తుంటారు, అమ్మకు తల కొట్టేసినట్టవుతుంది.

కోపాన్ని ఆపుకునే పని మెదడు ముందు భాగానిది. అది పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది. మూడేళ్లవాడికి కోరిక పెద్దవాళ్లంత ఉంటుంది, ఆపుకునే శక్తి ఉండదు, చెప్పుకోవడానికి మాటలు చాలవు. దీనికి నిద్ర లేకపోవడం, ఆకలి, మన ఎండ తోడైతే ఇక చెప్పక్కర్లేదు. ఒకమ్మ రాసిన కేలండరులో వారానికి ఆరు పేచీలుంటే, ఐదు సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్యవే. ఆ ఐదు రోజులూ బాబు మధ్యాహ్నం పడుకోలేదు. ఆమె బజారు పని ఉదయానికి మార్చుకుంది, బయల్దేరే ముందు ఓ అరటిపండు పెట్టింది. ఆ పై వారం పేచీలు రెండే. మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన ఇళ్లలో రాత్రి పదకొండింటి దాకా టీవీ నడుస్తుంటే, పొద్దున ఏడింటికల్లా పిల్లల్ని లేపేస్తుంటే, లెక్క ఎక్కడ తప్పుతోందో మీకే తెలుస్తుంది.

పేచీ మొదలయ్యాక మాత్రం ఉపన్యాసం పనికిరాదు. ఆ సమయంలో మీ మాట వాడి చెవికెక్కదు. పక్కకు తీసుకెళ్లి, దెబ్బ తగలకుండా చూసుకుంటూ, దగ్గర కూర్చోండి. "బొమ్మ కావాలని ఉంది, కొనలేదని కోపం వచ్చింది కదా" అని ఒక్క మాట అనండి. తగ్గాక నీళ్లు ఇచ్చి ఎత్తుకోండి. బొమ్మ మాత్రం కొనొద్దు. నాలుగుసార్లు వద్దని ఐదోసారి జనం చూస్తున్నారని కొనిస్తే, ఐదుసార్లు ఏడిస్తే వస్తుందని వాడు నేర్చుకుంటాడు. తాతయ్య, అమ్మమ్మ కూడా ఇదే మాట మీద ఉండాలి. ఇది చెప్పడం తేలిక, ఇంట్లో జరిపించడం కష్టం. ముందే కూర్చోబెట్టి మాట్లాడుకోండి.

ఏడ్చి ఏడ్చి గుక్కపడుతోంది

దెబ్బ తగిలినా, కోపం వచ్చినా గట్టిగా ఏడ్చి, శ్వాస ఆగి, పెదాలు నీలంగా మారి, ఒక్కోసారి స్పృహ కూడా తప్పుతుంది. చూసినవాళ్లకు ప్రాణాలు పోయినంత పనవుతుంది. ఇది పాప కావాలని చేసేది కాదు, శరీరం దానంతటదే చేస్తుంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లల్లో కనిపించి, తర్వాత తగ్గిపోతుంది.

ఆ క్షణంలో పక్కకు తిప్పి పడుకోబెట్టండి. కుదపొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు, చేతిలో ఇనుము పెట్టొద్దు. మామూలుగా నిమిషంలోపే ఊపిరి అందుకుంటుంది. మొదటిసారి వచ్చినప్పుడు పిల్లల డాక్టరుకు తప్పకుండా చూపించండి, రక్తపరీక్ష అడగండి. ఐరన్ తక్కువున్న పిల్లల్లో ఇది ఎక్కువ, ఐరన్ మందు వాడితే చాలామందికి తగ్గుతుంది. నిమిషం దాటినా స్పృహ రాకపోయినా, కాళ్లూ చేతులూ కొట్టుకున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

డాక్టరు చూసి భయం లేదన్నాక ఇంకో తప్పు జరుగుతుంది. గుక్కపడుతుందేమోనని పాప అడిగిందల్లా ఇచ్చేస్తారు. దాంతో గుక్క తగ్గదు, ఇంట్లో రాజ్యం మాత్రం పాప చేతికి వెళ్తుంది.

ఫోన్ పెడితేనే ముద్ద మింగుతాడు

పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ ఏడాదికి తొమ్మిది కిలోలవుతుంది. రెండేళ్లు దాటాక ఏడాదికి పెరిగేది దాదాపు రెండు కిలోలే. ఎదుగుదల నెమ్మదించింది కాబట్టి ఆకలీ తగ్గుతుంది. అది జబ్బు కాదు. మనం మాత్రం పాత లెక్కలోనే గిన్నె నింపి, అది ఖాళీ చేయించడానికి ఫోన్ పెడతాం. బొమ్మలు చూస్తూ తినేవాడికి ఆకలి ఎప్పుడు తీరిందో తెలియదు, నోట్లో ఏముందో కూడా తెలియదు.

ఒక పూటతో మొదలుపెట్టండి, రాత్రి భోజనం అయితే మేలు, అందరూ ఇంట్లో ఉంటారు కాబట్టి. అందరూ కలిసి కూర్చోవాలి, పెద్దవాళ్ల ఫోన్లు కూడా వేరే గదిలో ఉండాలి. వాడి పిడికెడంత అన్నం పెట్టండి, చాలకపోతే అడుగుతాడు. అరగంట దాటితే కంచం తీసేయండి, తిట్టకుండా. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అనేది మీ పని. ఎంత తినాలనేది వాడి పని. మొదటి మూడు నాలుగు రోజులు తక్కువ తింటాడు, తట్టుకోవాలి. మన గుంటూరు కారం వేసే ముందే పప్పో కూరో వాడికి కొంచెం తీసి పెట్టడం మర్చిపోకండి. కొత్త కూర ఒకసారి ఉమ్మేస్తే ఇష్టం లేదని తేల్చేయొద్దు. పదిసార్లు కంచంలో కనిపించాక తినే పిల్లలు చాలామంది.

భోజనానికి గంట ముందు గ్లాసుడు పాలు, బిస్కెట్లు ఇస్తున్నారేమో కూడా చూసుకోండి. పాలు రోజుకు అర లీటరు దాటకూడదు.

బలపం, మట్టి, గోడ సున్నం తింటోంది

కొట్టి మాన్పించే అలవాటు కాదిది. మా బడిలో ఒక పాప పలకతో పాటు ఇచ్చిన బలపాలన్నీ నమిలేసేది. వాళ్ల నానమ్మ వేళ్లకు వేపనూనె రాసింది, మానలేదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఎనిమిది చిల్లర వచ్చింది. రెండు నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు 11 కంటే తక్కువుంటే రక్తహీనత కింద లెక్క. డాక్టరు ఇచ్చిన ఐరన్ సిరప్ రెండు నెలలు వాడేసరికి ఎవరూ ఏమీ అనకుండానే బలపం మానేసింది. ఐరన్ మందు మాత్రం డాక్టరు చెప్పిన మోతాదులోనే పోయాలి, సీసా పిల్లలకు అందకూడదు. గుడ్డు, మాంసం, పప్పు తోటకూర మీద నిమ్మరసం పిండి పెట్టడం కూడా మేలు చేస్తాయి. మట్టి తినేవాళ్లకు నులిపురుగుల బెడద కూడా ఉంటుంది. ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో అంగన్‌వాడీల్లో, బడుల్లో వేసే ఆల్బెండజోల్ మాత్ర వదలకండి. చిన్న పిల్లలకు మాత్ర పొడి చేసి వేయాలి.

కొరుకుతున్నాడు, బొమ్మ ఎవరికీ ఇవ్వడు

రెండున్నర, మూడేళ్ల పిల్లలు ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకుంటారు. కలిసి ఆడటం నాలుగేళ్లకు గానీ కుదరదు. ఒకే బొమ్మ ఇద్దరి మధ్య పెట్టి పంచుకోమంటే అయ్యేది యుద్ధమే. రెండు బొమ్మలు పెట్టండి. కొరికితే, ముందు దెబ్బ తగిలిన బిడ్డను దగ్గరికి తీసుకోండి, తర్వాత కొరికినవాడికి గట్టిగా ఒకే మాట: "కొరికితే నొప్పి పుడుతుంది." తిరిగి కొరికి చూపించడం వద్దే వద్దు.

అబద్ధాలాడుతోంది

నాలుగేళ్ల ప్రాంతంలో ఎదుటివాళ్ల మనసులో ఉన్నది తన మనసులో ఉన్నదానికి వేరుగా ఉండొచ్చని పిల్లలకు తెలుస్తుంది. ఎదుటివాళ్లను నమ్మించేలా అబద్ధం ఆడాలంటే ఆ తెలివి ఉండాలి. కంగారు పడొద్దు. పాలు ఒలికింది కళ్లెదుటే కనిపిస్తుంటే "ఎవరు చేశారు?" అని అడగకండి, "గుడ్డ తెచ్చి తుడుద్దాం రా" అనండి.

రాయమంటే ఏడుస్తాడు

దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. మా ఊళ్లోనూ విజయవాడలోనూ ర్యాంకుల గాలి ఎల్‌కేజీ దాకా వచ్చింది. మూడేళ్లవాడికి నాలుగు గీతల కాపీ పుస్తకం ఇచ్చి రోజుకు రెండు పేజీలు నింపమంటున్నారు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్లప్పుడు వాటిలో ఎక్కువ భాగం ఇంకా మెత్తని మృదులాస్థిగానే ఉంటుంది. వేళ్ల కండరాలకు పట్టు రాలేదు. వాడికి చెయ్యి నిజంగానే నొప్పి పుడుతుంది, సోమరితనం కాదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల దశను ఆటపాటల చదువుగానే చూసింది, ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంది.

అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలితో రాయించాం కదా, అదే ఇంకో ఏడాది కొనసాగించండి. చపాతీ పిండి పిసకనివ్వండి, కరివేపాకు దూయించండి, కొత్తిమీర గిల్లించండి, ముగ్గుపిండితో గీతలు పెట్టించండి. నాలుగున్నర, ఐదేళ్లకు పెన్సిల్ దానంతటదే మూడు వేళ్ల మధ్యకు వస్తుంది. బడివాళ్లు హోంవర్కు తప్పదంటే వెళ్లి మాట్లాడండి. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిసి అడిగితే చాలా బడులు తగ్గిస్తాయి.

మళ్లీ పక్క తడుపుతోంది, మాట తడబడుతోంది

ఐదేళ్ల లోపు రాత్రి పక్క తడపడం మామూలే. మానేసి మళ్లీ మొదలుపెడితే ఇంట్లో తమ్ముడు పుట్టాడా, బడి మారిందా, మలబద్ధకం ఉందా చూడండి. మూత్రం పోసేటప్పుడు మంట ఉన్నా, దాహం విపరీతంగా ఉన్నా డాక్టరు చూడాలి. రెండు నుంచి ఐదేళ్ల మధ్య మాట తడబడటం చాలామందిలో వచ్చి పోతుంది. వాక్యం మీరు పూర్తి చేయొద్దు, "నిదానంగా చెప్పు" అనీ అనొద్దు, కళ్లలోకి చూస్తూ వినండి. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే, మాట కోసం మొహం బిగబడుతుంటే స్పీచ్ థెరపిస్టును కలవండి.

ఆగకూడనివి

రెండేళ్లు నిండినా "నాన్న రా", "పాలు కావాలి" లాంటి రెండు పదాలు కలపకపోవడం. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం. కళ్లలోకి చూడకపోవడం, కావాల్సింది వేలితో చూపించకపోవడం. మూడేళ్లకు బయటివాళ్లకు మాట అర్థం కాకపోవడం. అన్నిటికంటే ముఖ్యం, వచ్చిన మాటలు పోవడం. ఇవి ఉన్నప్పుడు "వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే మాటలొచ్చాయి" అని సర్దిచెప్పుకోవద్దు, వస పోసి ఎదురుచూడొద్దు. ముందు చెవి పరీక్ష చేయించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇలాంటి పిల్లల పరీక్షలు, చికిత్స ఉచితం. మీ అంగన్‌వాడీ టీచరునో, పెద్దాసుపత్రి పిల్లల విభాగంలోనో అడిగితే ఈ పరీక్షలు చేసే జిల్లా స్థాయి కేంద్రానికి దారి చెబుతారు.

వెళ్లేటప్పుడు ఆ కేలండరు కాగితం పట్టుకెళ్లండి. ఇంట్లో ఆడుకునేటప్పుడు, తినేటప్పుడు ఫోన్లో తీసిన రెండు మూడు చిన్న వీడియోలు కూడా. ఆసుపత్రి గదిలో పిల్లలు ఇంట్లో ఉన్నట్టు ఉండరు.