కొత్తగా కొన్న ఇంట్లో పాత వాసన పోవాలంటే ముందు అగరబత్తీలు ఆపండి

మేం నెల్లూర్లో వేదాయపాళెం వైపు ఒక పాత ఇల్లు కొన్నాం, ఎనిమిది నెలలు తాళం వేసి పెట్టిన ఇల్లు. చూడ్డానికి పోయినప్పుడల్లా బ్రోకర్ మాకంటే అరగంట ముందే వెళ్లి సాంబ్రాణి వేసి పెట్టేవాడు, మేమేమో ఇల్లు ఎంత కళగా ఉండాదో అని మురిసిపోయాం. గృహప్రవేశం రోజు హోమం పొగ, పూలు, వంటల హడావిడిలో ఏమీ తెలియలా. మూడో రోజు పొద్దున తలుపు తీస్తే అప్పుడు కొట్టింది చూడండి, మురుగు, పాత సిగరెట్టు, ఎండుచేపలు, తడిసిన గోడ అన్నీ కలిపి.

ఇల్లు చూసేటప్పుడే సాంబ్రాణి గుప్పుమంటే అనుమానపడాలి అని అప్పుడు తెలిసింది. సరే, మాలాగా కొనేశాక చదివేవాళ్లకి రాస్తన్నా.

మొదట్లో నేనూ స్ప్రేలు కొట్టా, కర్పూరం వెలిగించా. మల్లెపూలూ మురుగూ కలిసిన వాసన ఎట్టా ఉంటుందో ఊహించుకోండి, దానికంటే వట్టి మురుగే నయం. వాసన యాడ పుడుతుందో పట్టుకోకుండా ఎన్ని చేసినా డబ్బులు దండగ. పట్టుకోవడానికి తేలిక పద్ధతి ఏందంటే రాత్రి కిటికీలు తలుపులు అన్నీ మూసేసి, గదుల మధ్య తలుపులు కూడా మూసేసి, పొద్దున్నే ఒక్కో గదిలోకి పోయి చూడటమే. ముక్కు కొద్ది నిమిషాల్లోనే అలవాటు పడిపోతుంది కాబట్టి గదికీ గదికీ మధ్య బయటికొచ్చి కాసేపు గాలి పీల్చుకోండి. ఇంకా మంచిది, ఆ ఇంట్లో ఉండని మనిషిని పిలవండి. మా మేనత్త వచ్చి ఐదు నిమిషాల్లో "ఒరే అబ్బయ్యా, నీ బాత్రూం జాలీ కాడ్నించిరా ఇదంతా" అని తేల్చేసింది, నేను వారం నుంచీ వంటగది కడుగుతా ఉండా.

తాళం వేసిన ఇళ్లల్లో ముందు చూడాల్సింది అదే. బాత్రూం జాలీ కింద నహానీ ట్రాప్ అని ఉంటుంది, దాంట్లో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి ఉండి డ్రైనేజీ గాలి పైకి రాకుండా అడ్డం పడతాయి, నెలల తరబడి వాడకపోతే ఆ నీళ్లు ఎండిపోయి గాలంతా ఇంట్లోకే వస్తుంది. ప్రతి జాలీలో ఒక బకెట్ నీళ్లు పోయండి, సింకుల్లో, వాడని బాత్రూంలో కమోడ్‌లో, వాషింగ్ మెషిన్ పైపు పోయే చోట కూడా. సగం ఇళ్లకి ఇదే మందు, పైసా ఖర్చు లేదు. ఊరికి పోయేటప్పుడు జాలీలో నీళ్ల మీద రెండు చెంచాల వంటనూనె పోస్తే త్వరగా ఎండవు. నీళ్లు పోసినా మర్నాడు మళ్లీ కంపు కొడితే మటుకు ట్రాప్ పగిలుండాలి, లేదా పాత ఇళ్లల్లో అసలు ట్రాపే పెట్టకుండా పైపు కలిపేసి ఉంటారు, ప్లంబర్ని పిలవాల్సిందే. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం కూడా చూడండి, అది మిద్దె పైకి లేచి ఉండాలి, మా ఇంట్లో విరిగి సరిగ్గా పడగ్గది కిటికీ పక్కన తేలింది. ట్యాంకులోకి మాత్రం మనుషుల్ని దించొద్దు, లోపలి గాలికి ప్రాణాలు పోతాయి, బండిని పిలిపించి లాగించండి.

చేపల వాసనకి మన నెల్లూరోళ్లకి ఎవరూ నేర్పక్కర్లా. చేపని చింతపండు పులుసుతోనో నిమ్మకాయతోనో కడిగితే నీచు ఎందుకు తగ్గుతుంది, ఆ నీచు కొట్టే పదార్థం క్షారం, పులుపు తగిలితే అది ఉప్పులాగా మారి గాల్లోకి లేవదు, అంతే. వంటగది గూళ్లు, చిమ్నీ వెనక గోడ, పాత ప్లైవుడ్ తలుపులు వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి తుడవండి, ముందు సబ్బునీళ్లతో జిడ్డు వదిలించాకే సుమా, జిడ్డు మీద వెనిగర్ పని చెయ్యదు. అయితే ఒక్క మాట, గట్టు మార్బుల్ అయినా కడప బండ అయినా పులుపు తగలనియ్యొద్దు, మచ్చలు పడి మెరుపు పోతుంది. చీమకుర్తి గ్రానైట్ కొంచెం తట్టుకుంటుంది, అయినా వెంటనే మంచినీళ్లతో కడిగెయ్యండి.

అన్నిటికంటే మొండిది సిగరెట్టు. పాత ఓనరు హాల్లో కూర్చుని ఏళ్ల తరబడి కాల్చినాడంట. పెయింటర్ వచ్చి "రెండు కోట్లు వేస్తే పోద్ది సార్" అన్నాడు, వేయించాం, నెల బాగానే ఉండింది, ఏప్రిల్‌లో ఎండలు ముదిరేసరికి గోడలోంచి మళ్లీ పాత సిగరెట్టే. ఆ పొగలో తారు, నికోటిన్ గోడ మీద జిడ్డు పొరలాగా పట్టుకుని ఉంటాయి, దాని మీద రంగు వేస్తే లోపల దాక్కుని వేడికి బయటికి వస్తాయి. కాబట్టి ముందు గోరువెచ్చని నీళ్లల్లో డిటర్జెంట్ కలిపి గోడలు, సీలింగు తుడవాలి, గుడ్డ పిండితే పసుపు నీళ్లు రావడం ఆగేదాకా మళ్లీ మళ్లీ. స్విచ్ బోర్డుల కాడ మెయిన్ ఆపి. బాగా ఆరాక మరకల్ని పట్టి ఉంచే ఆయిల్ ప్రైమర్ ఒక కోటు, ఆ తర్వాతే మీకు నచ్చిన రంగు. ఫ్యాన్ రెక్కల పైభాగం మరిచిపోవద్దు. పాత కర్టెన్లు, పరుపులు వదిలేసి పోతే మొహమాటం లేకుండా పారెయ్యండి. ఏసీ వదిలిపెట్టినా లోపలంతా విప్పి సర్వీస్ చేయించండి, ఫిల్టర్ ఒక్కటి కడిగితే చాలదు.

తడి గోడ సంగతి వేరు. మనకి పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కదా, వేసవిలో కొన్న ఇల్లు కార్తీకంలో అసలు రూపం చూపిస్తుంది. అనుమానం ఉన్న చోట ఒక పాలిథిన్ ముక్క నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదలండి. గోడ వైపు చెమ్మ పడితే నీళ్లు గోడలోంచే వస్తన్నాయి, పైపు లీకో మిద్దె లీకో పట్టాలి. గది వైపు పడితే గాల్లో తేమ, కిటికీలు తీసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టుకుంటే చాలు. లీకు ఆపకుండా పెయింట్ వేస్తే పొట్టు లేచి బూజు మళ్లీ పడుతుంది. పెన్న పక్క కాలనీల్లో కొనే వాళ్లు 2021 నవంబర్ వరదకి ఆ ఇంట్లో నీళ్లు ఎంత ఎత్తు వచ్చినాయో పక్కింటి వాళ్లని అడగండి, ఓనర్ని కాదు.

బూజు మీద బ్లీచింగ్ వాడేటప్పుడు జాగ్రత్త. బ్లీచింగ్, యాసిడ్ లేదా టాయిలెట్ క్లీనర్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది, ఊపిరాడదు. వెనిగర్‌తో కూడా కలపొద్దు. ఒక రోజు ఒకటే వాడండి, కిటికీలు తీసి, పిలకాయల్ని బయటికి పంపించి.

మిగిలింది గాలి. సాయంత్రం సముద్రం వైపు నుంచి గాలి తిరిగినప్పుడు ఎదురెదురు కిటికీలు తీసి పెట్టండి, స్టాండు ఫ్యాన్ ఒకటి బయటికి తిప్పి పెడితే లోపలి గాలి త్వరగా పోతుంది. అల్మారాల్లో కలరా ఉండల వాసన ఒకటి ఉంటుంది, అది చెక్కలోకి దిగిపోయి ఒక పట్టాన వదలదు. అరలు ఊడదీసి మిద్దె మీద ఎండకి పెట్టండి, మళ్లీ బిగించాక గిన్నెలో బొగ్గులు పెట్టి తలుపు మూసెయ్యండి. మా ఇంట్లో ఒక బీరువా అర ఇంకా మిద్దె మీదే ఉండాది, వాన రాకముందే దించాలి.