ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత, మూడో పాఠం: దగ్గు రాకముందే బిగించాలి

పోయిన పాఠంలో కాథెటర్‌తో, అంటే ఆపరేషన్ తర్వాత మూత్రం బయటికి పోవడానికి పెట్టే ట్యూబుతో, గడిపే రోజుల గురించి చెప్పుకున్నాం కదా, ట్యూబు లాగకుండా తొడకి ఎలా అతికించుకోవాలి, సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఎందుకు ఉండాలి అని. ఈ పాఠం ట్యూబు తీసేసినవాళ్ళ కోసం, కారే మూత్రాన్ని ఆపుకునే వ్యాయామం గురించి. ఇంకా ట్యూబు ఉన్నవాళ్ళు చదివి పెట్టుకోండి గానీ వ్యాయామం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టొద్దు. ట్యూబు లోపల ఉండగా మూత్రాన్ని ఆపే కండరాన్ని బిగిస్తే నొప్పి, రాపిడి తప్ప ఒరిగేదేమీ లేదు.

నా ట్యూబు తీసిన రోజు సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే ఆ రోజుకి నన్ను ఎవరూ సిద్ధం చేయలేదు. నర్సు ట్యూబు తీసి, ఇక లేవండి అంది. మంచం మీద నుంచి లేచి నిలబడ్డాను, అంతే, మూత్రం తొడ మీదుగా పాదాల దాకా కారిపోయింది, ఆపుదామంటే ఎక్కడ ఆపాలో కూడా తెలియలేదు. ఆపరేషన్ పాడైందనుకున్నాను. ఇక బతుకంతా ఇంతేనా అనుకున్నాను. ఇంటికి వెళ్ళాక కూడా రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత తెలిసింది, ప్రోస్టేట్ మొత్తం తీసేసిన మగవాళ్ళలో చాలామందికి మొదట్లో ఇలాగే అవుతుందని, ఎక్కువమందికి నెలల మీద తగ్గుతుందని. ఆ ఒక్క మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ రెండు రోజులు అలా గడిచేవి కావు. అందుకే ట్యూబు తీయించుకోవడానికి వెళ్ళేటప్పుడు ప్యాడ్లు, రెండు జతల లోదుస్తులు, ముదురు రంగు వదులు ప్యాంటు సంచిలో పెట్టుకుని వెళ్ళండి.

అసలు ఎందుకు కారుతుందో అర్థమైతే వ్యాయామం సగం వచ్చినట్టే. మూత్రాశయం కింద అక్రోటు కాయంత ప్రోస్టేట్ ఉంటుంది, మూత్రనాళం దాని మధ్యలోంచే పోతుంది. మూత్రాన్ని ఆపే ఏర్పాటు మనకి రెండు చోట్ల ఉంది. ఒకటి మూత్రాశయం మెడ దగ్గర, దాని పని అది చేసుకుపోతుంది, మన ఆజ్ఞతో పని లేదు. రెండోది ప్రోస్టేట్‌కి కింద, నాళం చుట్టూ ఉంగరంలా ఉండే కండరం, ఇది మన మాట వింటుంది. ఆపరేషన్‌లో ప్రోస్టేట్‌ని, దాని గుండా పోయే నాళం ముక్కతో సహా తీసేసి, మూత్రాశయం మెడని మిగిలిన నాళానికి కుట్టేస్తారు. దాంతో పైనున్న ఏర్పాటు చాలావరకు పోతుంది. ఇన్నేళ్ళూ పక్కన నిలబడి సాయం చేసిన కింది కండరం మీద ఇప్పుడు మొత్తం భారం పడుతుంది, పైగా ఆపరేషన్‌లో అది కూడా కొంత నలిగి ఉంటుంది. పడుకుంటే కారదు, లేస్తే కారుతుంది, ఎందుకంటే లేచేటప్పుడు పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి మూత్రాశయాన్ని నొక్కుతుంది. పొద్దున బాగుండి సాయంత్రానికి ఎక్కువవుతుంది, ఎందుకంటే అప్పటికి ఆ కండరం అలిసిపోతుంది. రాత్రి పొడిగా ఉంటున్నారంటే అది మంచి గుర్తు, పగలు కూడా కుదుటపడే దారిలో ఉన్నారన్నమాట.

ప్రోస్టేట్ క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్నవాళ్ళకి మాత్రం కథ వేరు. వాళ్ళకి దగ్గితే కారడం కంటే మాటిమాటికీ వెళ్ళాలనిపించడం, మంట, ఉన్నట్టుండి అర్జెంటు రావడం ఎక్కువ. వాళ్ళకి ఈ పాఠంలో చివర చెప్పేది ఎక్కువ పనికొస్తుంది.

ఇక కండరాన్ని వెతుకుదాం. నిజం చెప్పాలంటే ఈ పాఠంలో కష్టమైనది ఇదొక్కటే. మూత్రం పోస్తూ మధ్యలో ఆపండి, అదే ఆ కండరం అని చాలామంది చెప్తారు. గుర్తు పట్టడానికి ఒకసారి చేసి చూడండి, అంతే, దాన్నే రోజూ వ్యాయామంగా చేస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ చేసే అలవాటు చెడుతుంది. ఇంకో సలహా, గ్యాస్ ఆపుకున్నట్టు బిగించమనేది. అందులో తప్పు లేదు గానీ అలా చేస్తే ఎక్కువగా వెనక, మలద్వారం చుట్టూ ఉన్న కండరం పని చేస్తుంది, మనకి కావలసింది ముందుది. నాకు పనికొచ్చిన మాట ఒక ఫిజియోథెరపిస్టు చెప్పింది: అంగాన్ని లోపలికి లాక్కుని పొట్టిగా చేస్తున్నట్టు, అదే సమయంలో వృషణాలని కొంచెం పైకి ఎత్తుతున్నట్టు ఊహించుకోండి. నడుము లోతు చన్నీళ్ళలోకి దిగేటప్పుడు ఒళ్ళు తనంతట తను ముడుచుకుంటుందే, అలా. బట్టలు తీసేసి అద్దం ముందు నిలబడి చేయండి. సరిగ్గా చేస్తే అంగం మొదలు దగ్గర కాస్త లోపలికి పోతుంది, వృషణాలు కొద్దిగా లేస్తాయి. కొద్దిగా అంటే చాలా కొద్దిగా, మొదటి వారం కనిపించకపోయినా కంగారు పడొద్దు. వృషణాల వెనక, మలద్వారానికి ముందు ఉండే చోట వేలు ఆనించి చూస్తే కండరం గట్టిపడి వేలికి దూరంగా, పైకి లేచినట్టు తెలుస్తుంది. వేలి మీదకి తోసుకొచ్చినట్టుంటే మీరు బిగించడం లేదు, ముక్కుతున్నారు.

ఆ తప్పే నేను మూడు వారాలు చేశాను. ఊపిరి బిగబట్టి, పొట్ట గట్టిగా చేసి, పిరుదులు నొక్కి, చెమటలు పట్టేలా చేసేవాణ్ణి, అదంతా మూత్రాశయాన్ని ఇంకా కిందికి నెట్టడమే. ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే ఒక్క నిమిషంలో పట్టుకుంది. మీకు అలాంటివాళ్ళు అందుబాటులో ఉంటే ఒక్కసారైనా వెళ్ళమని బతిమాలి చెప్తున్నాను, కొందరు అల్ట్రాసౌండ్ తెర మీద మీ కండరం కదలడం మీకే చూపిస్తారు. వెళ్ళే వీలు లేకపోతే ఒక పరీక్ష: బిగించి ఉంచి బయటికి వినపడేలా అంకెలు లెక్కపెట్టండి. మాట తేలిగ్గా వస్తోంది, పొట్ట మీద పెట్టిన చెయ్యి కదలడం లేదు, తొడలు వదులుగా ఉన్నాయి అంటే దారిలో పడ్డట్టే.

ఈ వ్యాయామాలకి కెగెల్ అన్న పేరు ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ స్త్రీల వైద్యుడి వల్ల వచ్చింది. 1948లో ఆయన కాన్పు తర్వాత మూత్రం ఆపుకోలేని ఆడవాళ్ళ కోసం వీటి గురించి రాశాడు. మన దాకా వచ్చింది అక్కడి నుంచే. మీ ఇంట్లో ఎవరైనా కాన్పు తర్వాత ఇవి చేసి ఉంటే సిగ్గుపడకుండా వాళ్ళని అడగండి, నేను అడిగాను, మా ఆవిడ అప్పటిదాకా నాకు ఎప్పుడూ చెప్పని సంగతులు చెప్పింది.

రోజువారీ లెక్క ఇది. మొదటి వారం పడుకుని, మోకాళ్ళు మడిచి చేయండి. బిగించి ఎంతసేపు ఆగగలిగితే అంతసేపు ఆగండి, మొదట మూడు సెకన్లు కూడా రాకపోవచ్చు, ఫరవాలేదు. తర్వాత పూర్తిగా వదిలేసి, బిగించినంతసేపైనా విశ్రాంతి ఇవ్వండి. ఇలా పది సార్లు. ఆ తర్వాత టక్కున బిగించి టక్కున వదిలేవి ఇంకో పది. రోజుకి మూడు పూటలు. వారం వారం ఒక్కో సెకను పెంచుకుంటూ పది సెకన్ల దాకా వెళ్ళండి, పడుకుని బాగా వస్తే కూర్చుని, ఆ తర్వాత నిలబడి చేయండి, కారేది నిలబడ్డప్పుడే కాబట్టి చివరికి అక్కడే గట్టిపడాలి. వదలడాన్ని తేలిగ్గా తీసుకోకండి. రోజంతా బిగించే ఉంచితే మంచిదనుకుని కొందరు మూడొందల సార్లు చేస్తారు, సాయంత్రానికి కండరం చచ్చుబడి ఇంకా ఎక్కువ కారుతుంది, కొందరికి కింద నొప్పి కూడా పట్టుకుంటుంది.

ఇప్పుడు అసలు విద్య. ఎంత బలమున్నా సమయానికి అందకపోతే ఆ కండరం ఉండీ లేనట్టే. ఒత్తిడి వచ్చాక కాదు, రాకముందే బిగించాలి. కుర్చీలోంచి లేవడంతో మొదలుపెట్టండి, ఎందుకంటే రోజుకి ఎన్నిసార్లు లేస్తామో లెక్కే లేదు, అన్నిసార్లూ సాధన దొరుకుతుంది. కుర్చీ అంచుకి జరగండి, పాదాలు కొంచెం వెనక్కి లాక్కోండి, బిగించండి, ఊపిరి వదులుతూ లేవండి, నిలబడి రెండడుగులు వేశాక వదలండి. ఊపిరి బిగబట్టి లేస్తే పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది, అందుకే వదులుతూ లేవమంటున్నాను. మొదటి రెండు రోజులు ప్రతిసారీ మర్చిపోతారు, లేచాక గుర్తొస్తుంది. అలాంటప్పుడు మళ్ళీ కూర్చుని, బిగించి, మళ్ళీ లేవండి. నాకు దాదాపు పది రోజులకి ఆలోచించకుండానే వచ్చేసింది. అది కుదిరాక దగ్గుకి వెళ్ళండి, దగ్గు ముందే తెలుస్తుంది కాబట్టి బిగించే వ్యవధి ఉంటుంది. తుమ్ముతో సాధన అన్నిటికంటే చివర్లో, అది చాలా వేగంగా వస్తుంది. బరువులెత్తే సాధన మాత్రం ఇప్పుడు వద్దు, మొదటి ఆరు వారాలు డాక్టర్ ఒప్పుకుంటే తప్ప బరువైనవి ఎత్తొద్దు. మలబద్ధకం రానివ్వొద్దు, ముక్కడం కూడా ఆ కండరానికి దెబ్బే.

బాగుపడుతున్నామో లేదో ప్యాడ్ల లెక్కతో తెలియదు. ఒకరు పది చుక్కలకే మారుస్తారు, ఇంకొకరు నిండేదాకా ఉంచుతారు. తూకం వేయండి. గ్రాములు చూపించే చిన్న త్రాసు చాలు. పొడి ప్యాడ్ బరువు ముందు రాసుకోండి, 24 గంటల్లో వాడిన ప్యాడ్లన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఉంచి తూచండి, అన్ని ప్యాడ్ల పొడి బరువూ అందులోంచి తీసేయండి. మిగిలిన గ్రాములు ఎన్నో దాదాపు అన్ని మిల్లీలీటర్లు కారినట్టు. నాకు మొదటి వారం 410 వచ్చింది, ఆరో వారానికి 180, మూడు నెలలు నిండేసరికి 40. మధ్యలో ఒక వారం 230కి పెరిగింది, ఆ వారం జలుబు చేసి తెగ దగ్గాను. వారానికి ఒక్కసారే తూచండి, రోజూ తూస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

కారుతుందని నీళ్ళు మానేయడం అందరం చేసే పని, దయచేసి చేయకండి. మూత్రం చిక్కబడితే మూత్రాశయం మండి ఇంకా తొందరపెడుతుంది, మలబద్ధకం కూడా వస్తుంది. గుండె, కిడ్నీల సమస్యలుండి డాక్టర్ వేరే చెప్పకపోతే రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్లు, కొద్దికొద్దిగా తాగండి. కాఫీ, టీ, మద్యం తగ్గించి చూడండి, తేడా కొందరిలో వెంటనే కనిపిస్తుంది. ఎందుకైనా మంచిదని అరగంటకోసారి బాత్రూమ్‌కి వెళ్ళే అలవాటు కూడా మానాలి, లేకపోతే మూత్రాశయం కొంచెం నిండగానే గోల చేయడం నేర్చుకుంటుంది.

రేడియేషన్ వాళ్ళకి చెప్తానన్నది ఇదే. అర్జెంటు వచ్చినప్పుడు పరుగెత్తకండి. ఉన్నచోటే ఆగండి, వీలైతే కూర్చోండి, టక్కున బిగించి వదిలేవి ఐదారు చేయండి, నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. ఆ తొందర అలలా పెరిగి, తగ్గుతుంది. తగ్గాక మామూలు నడకతో వెళ్ళండి. పరుగెత్తితే అల మీదున్నప్పుడే తలుపు దగ్గర కారుతుంది. రోజుకి ఒక్కసారి ఇలా గెలిచినా చాలు, తర్వాత బాత్రూమ్‌కి ఒకసారి వెళ్ళాక మళ్ళీ వెళ్ళే మధ్య వ్యవధిని పావుగంట చొప్పున పెంచుకుంటూ పోవచ్చు.

ఎన్నాళ్ళు పడుతుందని అడుగుతారు. ఎక్కువమందికి మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో పెద్ద మార్పు వస్తుంది, ఏడాది దాకా బాగుపడుతూనే ఉంటుంది. ఆరు నెలల నుంచి ఏడాది గట్టిగా ప్రయత్నించినా ప్యాడ్లు తడిసి ముద్దవుతుంటే ఇక ఇంతే అని ఇంట్లో కూర్చోవద్దు, నాళానికి ఊతమిచ్చే స్లింగ్, మూత్రాన్ని ఆపే కండరం పని చేసే కృత్రిమ స్ఫింక్టర్ లాంటి ఆపరేషన్లు ఉన్నాయి, వాటి గురించి మీ యూరాలజిస్టుని మీరే అడగండి. పెళ్ళిళ్ళకీ నడకకీ స్నేహితుల ఇళ్ళకీ వెళ్ళడం మానేసి, ఎందుకు మానేశారో కూడా ఎవరికీ చెప్పని వాళ్ళని చూశాను, చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే వాళ్ళలో కొందరికి అడిగి ఉంటే పరిష్కారం దొరికేది.

కొన్నిటికి మాత్రం ఈ వ్యాయామాలు మందు కాదు. మూత్రం పూర్తిగా ఆగిపోవడం, రక్తం గడ్డలు పడటం, చలి జ్వరం, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయండి. ఉన్నట్టుండి ఊపిరి అందకపోతే, గుండెల్లో నొప్పి వస్తే ఫోన్లతో ఆలస్యం చేయకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్ళిపోండి. కొన్ని నెలలకి ధార సన్నబడుతూ వస్తే కుట్టిన చోట మచ్చ కట్టి దారి ఇరుకై ఉండొచ్చు, అది కూడా చూపించుకోవాలి.

వచ్చే పాఠం దాంపత్యం గురించి, నరాల గురించి. అప్పటికి మీ నోట్‌బుక్‌లో రెండు అంకెలు ఉండాలి: ఎన్ని సెకన్లు బిగించి ఉంచగలుగుతున్నారు, 24 గంటల ప్యాడ్ తూకం ఎంత. ఈ వారానికి కుర్చీ ఒక్కటే. దగ్గు జోలికి ఇంకా పోవద్దు.