టెన్ పవర్‌కి వేరే బటన్ ఉంది, అదే నొక్కండి

మా పాలిటెక్నిక్ ఫిజిక్స్ ల్యాబ్‌లో ఎవరి చేతిలో చూసినా క్యాసియో కాలిక్యులేటరే, ఎఫ్ఎక్స్-991 ఎంఎస్సో, ఈఎస్ ప్లస్సో ఉంటుంది. నా ఓటు ఈఎస్ ప్లస్‌కే. భిన్నాన్ని నోట్సులో రాసుకున్నట్టే పైనా కిందా చూపిస్తుంది. అయితే ఏది కొన్నా పిల్లలు తడబడేది మాత్రం టెన్ పవర్ దగ్గరే.

ఈ లెక్క వేసి చూడండి. 3.2×10⁻¹⁹ ని 1.6×10⁻¹⁹ తో భాగించాలి. జవాబు 2 అని నోటితోనే చెప్పేయొచ్చు. కానీ ఇంటూ, 10, పవర్ అంటూ విడివిడిగా కొడితే 2×10⁻³⁸ వస్తుంది. అందులో మిషన్ తప్పేం లేదు. ఎడమ నుంచి కుడికి పోతూ 1.6 తో భాగించింది, తర్వాత కనబడిన 10⁻¹⁹ తో గుణించేసింది. 1.6, 10⁻¹⁹ రెండూ కలిపి ఒకే సంఖ్య అని మీరు దానికి చెప్పలేదు కదా!

అది చెప్పడానికే అన్నిటికన్నా కింది వరసలో ఒక బటన్ ఉంది. ఈఎస్ ప్లస్‌లో దాని మీద ×10, పైన చిన్న ఎక్స్ ఉంటాయి. ఎంఎస్‌లో ఈఎక్స్‌పీ అని ఉంటుంది. 1.6 కొట్టి, ఆ బటన్ నొక్కి, బ్రాకెట్లో ఉన్న మైనస్, ఆపైన 19. మధ్యలో 10 మళ్లీ కొట్టకండి, అది బటన్‌లోనే ఉంది. ఇక బ్రాకెట్లు పెట్టే పని లేదు.

1÷200 కొట్టి దశాంశంలోకి మారిస్తే 0.005 బదులు 5×10⁻³ కనిపిస్తోందా? అది నార్మ్ 1 సెట్టింగ్. 0.01 కన్నా చిన్నవన్నీ అలాగే చూపిస్తుంది. ఈఎస్ ప్లస్‌లో షిఫ్ట్, మోడ్, 8, 2 నొక్కితే నార్మ్ 2 లోకి మారుతుంది. రికార్డులు దిద్దే నాకు ఇదే హాయి.

కంప్యూటర్లో ఈ టెన్ పవర్ 'ఈ' అక్షరంగా మారుతుంది. ఎక్సెల్‌లో 12 అంకెల ఆధార్ నంబర్ కొడితే 1.23457E+11 అని వస్తే కంగారు పడొద్దు. అంకెలన్నీ లోపల భద్రంగానే ఉన్నాయి, సెల్‌ని నంబర్ ఫార్మాట్‌లోకి మార్చి దశాంశాలు సున్నా చేస్తే చాలు. 16 అంకెల కార్డు నంబర్ అయితే వేరే కథ: ఎక్సెల్ 15 అంకెలే నిలుపుకుంటుంది, చివరిది సున్నా అయిపోతుంది, ఇక తిరిగి రాదు. అలాంటి కాలమ్‌ని కొట్టకముందే టెక్స్ట్ చేసిపెట్టుకోవాలి.

పైథాన్ నేర్చుకునేవాళ్లకి ఇంకో మాట. అక్కడ 10^3 అంటే 9 వస్తుంది, ఎందుకంటే ఆ టోపీ గుర్తు బైనరీ బిట్ల మీద చేసే ఎక్స్ఓఆర్ (XOR: రెండు బిట్లు వేరైతే 1, ఒకేలా ఉంటే 0). పవర్ కావాలంటే రెండు స్టార్ గుర్తులు (**) పెట్టండి. మైనస్ 2 స్క్వేర్‌ని బ్రాకెట్ లేకుండా కొట్టినా ఇలాంటి తికమకే: క్యాసియో, పైథాన్ మైనస్ 4 అంటాయి, ఎక్సెల్ మాత్రం 4 అంటుంది. ఏది కావాలో బ్రాకెట్ పెట్టి చెప్పాల్సిందే.