ఊరి రోడ్డు మీద పంచాయతీ తీర్మానాన్ని తిరగరాయించడం ఎలా

భీమవరం దగ్గర ఒక ఊళ్లో అయిదేళ్లు వార్డు మెంబరుగా చేశాను. మా తీర్మానాల పుస్తకంలో పాత మాట ఒకటి ఉండేది: "రోడ్డుపై ధాన్యం ఆరబోయరాదు, దమ్ము చక్రాలతో ట్రాక్టర్లు నడపరాదు." దమ్ము చక్రాలంటే పొలం బురదలో దమ్ము చేయడానికి ట్రాక్టరుకు బిగించే ఇనుప చక్రాలు. ఆ మాట ఎవరూ పాటించలేదు. ఆరబోసుకోవడానికి ఇంకెక్కడా చోటు చూపించకపోతే ఎలా పాటిస్తారు? ఒక సార్వా (వానాకాలం పంట) కోతల్లో ధాన్యం రాశి మీద బరకం (టార్పాలిన్) కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెట్టారు. చీకట్లో బండి మీద వస్తున్న మా వీధి కుర్రాడు ఆ రాయికి తగిలి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆ తర్వాతే ఆ తీర్మానాన్ని మార్పించాం.

మీరూ చేయాలనుకుంటే ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి. ఆర్ అండ్ బీ (రోడ్లు భవనాల శాఖ) వాళ్లదో జిల్లా పరిషత్తుదో అయితే మీ తీర్మానం అర్జీగా మాత్రమే పనికొస్తుంది. ఊరి లోపలి రోడ్లు చాలావరకు పంచాయతీవే.

తర్వాత కొలత. ఇక్కడ ఓపిక పట్టండి. సర్వేయరుతో ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పటాల పుస్తకం) తీయించి డొంక (పొలాలకు పోయే బండిదారి) వెడల్పు చూడండి. పాత పటాల్లో లెక్క లింకుల్లో ఉంటుంది. లింకంటే 7.92 అంగుళాలు, వంద లింకులు ఒక గొలుసు. మా డొంక పటంలో 40 లింకులు, అంటే 26 అడుగుల పైచిలుకు. టేపు పట్టి చూస్తే తూము దగ్గర మిగిలింది 14 అడుగులే. మిగతాదంతా గడ్డివాములు, పేడకుప్పలు. ఈ కాగితం చేతిలో లేకుండా సభకు వెళితే విషయం ఇద్దరు రైతుల గొడవగా మారిపోతుంది.

సభకు ముందే ట్రాక్టరు ఓనర్లను, కౌలు రైతులను, పొలం పనికి నడిచి వెళ్లే ఆడవాళ్లను విడివిడిగా కలవండి. "రోడ్డు పాడవుతుందని మాకూ తెలుసమ్మా. గట్టు మీద చక్రాలు మారుద్దామంటే జాకీ బురదలోకి దిగిపోద్ది" అన్నాడొక డ్రైవరు. అంతవరకూ ఆ సంగతి నాకు తట్టనే లేదు. తూము పక్కన పంచాయతీ స్థలంలో గ్రావెల్ పోయించి గట్టి చేయించాం. చక్రాలు అక్కడే మార్చుకోవాలని రాశాం.

రాసేటప్పుడు "ఆటంకం కలిగించరాదు" లాంటి మాటలు పెట్టకండి. చోటు, రోజు చెప్పండి. మేం రాసింది ఇదీ: తూము నుంచి రామాలయం దాకా సిమెంటు రోడ్డు మీదికి దమ్ము చక్రాలు ఎక్కకూడదు. ధాన్యం సంత స్థలంలో ఆరబోసుకోవచ్చు, సంత రోజు పొద్దున్నే ఖాళీ చెయ్యాలి. బరకానికి ఇసుక సంచులే, రాళ్లు వద్దు.

అర్జీని పంచాయతీ కార్యదర్శికిచ్చి రసీదు తీసుకోండి, అజెండాలో చేరిందో లేదో మళ్లీ వెళ్లి చూడండి. గ్రామసభలో చర్చ అయ్యాక పంచాయతీ సమావేశంలో తీర్మానం చేయించి నకలు అడగండి. జరిమానా పెట్టాలంటే ఉత్త తీర్మానం నిలవదు. ఉపవిధిగా (బైలాగా) రాసి పైఅధికారుల ఆమోదం తీసుకోవాలి. మేం జరిమానా జోలికి పోలేదు.

దమ్ములు మొదలయ్యే ముందు మైకులో చాటించండి. డ్రైవర్లు పక్క ఊళ్ల నుంచి కూడా వస్తారు, వాళ్లకు మన తీర్మానం ఎలా తెలుస్తుంది? అందుకే మేం తూము గోడ మీద ఎర్ర పెయింటుతో, ట్రాక్టరు సీట్లోంచి కనపడేంత అక్షరాలతో రాయించాం.