అమెరికాలో స్థిరపడిన తొలితరం సిరియన్ కుటుంబాల చరిత్రను వెతకడం ఎలా

1880ల నుంచి 1924 వరకు అమెరికా చేరిన సిరియన్ల చరిత్రను తెలుసుకోదలచినవారు ముందుగా పటం విషయంలో జాగ్రత్తపడాలి. అప్పట్లో సిరియా అంటే ఇప్పటి దేశం ఒక్కటే కాదు. ఒట్టోమన్ సామ్రాజ్యంలో ఉంటూ నేటి సిరియా, లెబనాన్, పాలస్తీనా, జోర్డాన్‌లను కలుపుకొన్న విశాలమైన ప్రాంతం. వలస వెళ్లినవారిలో ఎక్కువమంది క్రైస్తవులు, అందులోనూ మౌంట్ లెబనాన్ కొండ ఊళ్లవారు. అందువల్ల ఒకే మనిషి పుట్టిన దేశం 1910 జనగణనలో టర్కీగా, 1920లో సిరియాగా, తర్వాతి పత్రాల్లో లెబనాన్‌గా నమోదై ఉండవచ్చు. దేశం పేరు కలవలేదని ఏ పత్రాన్నీ పక్కన పెట్టకూడదు. వెతకవలసింది ఊరి పేరు.

చివరి పత్రం నుంచి వెనక్కి నడవడం మేలు. మరణ ధ్రువపత్రం, 1950 వరకు అందుబాటులో ఉన్న జనగణనలు, మొదటి ప్రపంచయుద్ధ కాలపు సైనిక నమోదు కార్డు, ఆ తర్వాత పౌరసత్వ దరఖాస్తు అనే వరుసలో వెళితే ప్రతి పత్రమూ దాని ముందుదానికి దారి చూపుతుంది. 1906 చట్టం తర్వాతి పౌరసత్వ పత్రాల్లో పుట్టిన ఊరు, ఎక్కి వచ్చిన ఓడ, దిగిన తేదీ సాధారణంగా ఉంటాయి. సిరియన్ల విషయంలో ఈ పత్రాలకు మరో ప్రాముఖ్యం కూడా ఉంది. పౌరసత్వం ‘తెల్లవారికి’, ఆఫ్రికా సంతతివారికి మాత్రమే దక్కే ఆ రోజుల్లో, సిరియన్లు తెల్లవారు కారంటూ దక్షిణ కరొలైనా న్యాయస్థానం జార్జ్ డౌ దరఖాస్తును తిరస్కరించగా, 1915లో అప్పీలు కోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. కనుక 1915కు ముందు దరఖాస్తు నిలిచిపోయి, ఆ తర్వాత మళ్లీ పెట్టినట్లు కనిపిస్తే ఈ నేపథ్యాన్ని గుర్తుంచుకోవాలి.

ఓడ ప్రయాణికుల జాబితా దగ్గర తొందరపడకండి. న్యూయార్క్ రేవులో వలసదారులను తనిఖీ చేసే కేంద్రమైన ఎల్లిస్ ఐలండ్‌లో అధికారులు పేర్లు మార్చేశారన్న మాట బాగా ప్రచారంలో ఉన్నా, ఆ జాబితాలను రాసింది ఓడ కంపెనీల గుమాస్తాలు. చాలామంది బేరూత్‌లో బయలుదేరి ఫ్రాన్స్‌లోని మార్సెయ్ లేదా లె హావ్ర్ వంటి రేవుల్లో ఓడ మారేవారు కాబట్టి, అరబిక్ పేరు ఫ్రెంచి చెవికి ఎలా వినిపిస్తుందో అలా కూడా రాసి వెతకాలి; తర్వాతి పత్రాల్లో యూసుఫ్ జోసెఫ్‌గా మారి ఉండటమూ మామూలే. 1907 తర్వాతి జాబితా ఎదురెదురు పుటల్లో సాగుతుంది. చాలామంది మొదటి పుట చూసి ఆగిపోతారు గాని, అసలు సంపద రెండో పుటలో ఉంది: టికెట్టు ఎవరు కొన్నారు, చేతిలో ఎన్ని డాలర్లున్నాయి, అమెరికాలో ఏ బంధువు దగ్గరకు ఏ చిరునామాకు వెళుతున్నారు అన్న వివరాలు అక్కడే ఉంటాయి. ఒకే చిరునామా పలువురి పేర్ల ఎదుట కనిపిస్తే, అది సంచార వ్యాపారులకు సరుకు అప్పుగా ఇచ్చే టోకు వర్తకుడి దుకాణం కావచ్చు. జపమాలలు, లేసులు, సూదులు, దారాలు నింపిన పెట్టెను వీపున మోసుకుంటూ ఊరూరా తిరిగినవారిలో స్త్రీలూ గణనీయంగా ఉన్నారు. జనగణన వారి వృత్తి గడిని ఖాళీగా వదిలేసినా, వారు సంపాదించలేదని తేల్చేయడం అన్యాయం.

సమాజ జీవితం మాత్రం ప్రభుత్వ పత్రాల్లో దొరకదు. దానికి పత్రికలు చూడాలి. 1892లో న్యూయార్క్‌లో మొదలైన ‘కౌకబ్ అమెరికా’ అక్కడి తొలి అరబిక్ పత్రిక. 1898లో నవూమ్ ముకర్జెల్ ‘అల్-హుదా’ను, మరుసటి ఏడాది నజీబ్ దియాబ్ ‘మిర్ఆత్ అల్-గర్బ్’ను స్థాపించారు. ‘అల్-హుదా’ మారొనైట్ల (రోమ్ పోప్‌ను అంగీకరించే లెబనాన్ క్రైస్తవ శాఖ) వైపు, ‘మిర్ఆత్ అల్-గర్బ్’ ఆర్థడాక్స్ క్రైస్తవుల వైపు మొగ్గినవి కాబట్టి, ఒక తగాదా గురించి ఒక్క పత్రికనే చదివి అభిప్రాయానికి రావద్దు. అరబిక్ రానివారికి 1926 నుంచి 1932 వరకు ఇంగ్లీషులో వెలువడిన ‘ది సిరియన్ వరల్డ్’ ఎంతో ఆసరా.

చర్చి రిజిస్టర్లలో బాప్తిస్మానికి సాక్షులుగా నిలిచినవారి పేర్లు తప్పక రాసుకోండి. వారు తరచుగా బంధువులో, ఒకే ఊరివారో అయి ఉంటారు. 1904లో బ్రూక్లిన్‌లో ఆర్థడాక్స్ బిషప్‌గా అభిషిక్తుడైన రఫాయెల్ హవావీనీ దూరదూరాల సిరియన్ కుటుంబాలను స్వయంగా సందర్శించేవారు. వలస వచ్చినవారిలో ముస్లింలూ ఉన్నారు. నార్త్ డకోటాలోని రాస్‌లో స్థిరపడినవారు 1929లో మసీదు కట్టుకున్నారు.

మన్‌హాటన్‌లోని వాషింగ్టన్ వీధిలో ‘లిటిల్ సిరియా’గా పేరుపొందిన పేటను చూడబోయేవారు పెద్దగా ఆశించకూడదు. 1940లలో బ్రూక్లిన్-బ్యాటరీ సొరంగ మార్గం కోసం ఆ ఇళ్లలో అధికభాగం కూల్చేశారు, అది పూడ్చలేని నష్టం. ఆ వీధి 103వ నంబరులోని సెయింట్ జార్జ్ మెల్కైట్ (గ్రీకు కాథలిక్ శాఖ) చర్చి భవనం మిగిలింది. 2009లో దానికి రక్షిత కట్టడం హోదా దక్కింది. వ్యాపారాలు చాలావరకు బ్రూక్లిన్‌లోని అట్లాంటిక్ అవెన్యూకు తరలాయి. ఆ తరం గొంతులు వినాలంటే, చరిత్రకారిణి అలిక్సా నాఫ్ సేకరించి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియం సంస్థకు అప్పగించిన ముఖాముఖి రికార్డింగులను ఆశ్రయించాలి.

ఊరి పేరు రూఢి అయ్యాక, అది నేటి లెబనాన్‌లో ఉంటే, 1932 జనగణన ఆధారంగా ఏర్పడిన కుటుంబ రిజిస్టర్ల కోసం అక్కడి పౌర నమోదు కార్యాలయాన్ని సంప్రదించవచ్చు. ఆ గణనలో విదేశాలకు వెళ్లినవారినీ లెక్కించారు కాబట్టి, అమెరికా పత్రాల్లో కనిపించని తోబుట్టువుల పేర్లు అక్కడ బయటపడే అవకాశం ఉంది.