బ్రేకు పాఠాలు – 4: కీచు వేరు, కుదుపు వేరు

పోయిన పాఠంలో తప్పు నాదే. స్టిక్-స్లిప్ (రాసుకునే రెండు వస్తువులు పట్టుకోవడం, జారడం, మళ్లీ పట్టుకోవడం) అంటే ఏమిటో చెప్పి, వయొలిన్ కమాను తీగను పట్టి వదలడం ఉదాహరణగా చూపి ఊరుకున్నాను. మీ జవాబులు చూస్తే బ్రేకు వేస్తే వచ్చే కీచుకీ, పెడల్ తన్నడానికీ, స్టీరింగ్ ఊగడానికీ అన్నిటికీ ఒకటే మాట: "స్టిక్-స్లిప్ సార్." ఒకాయన ఏకంగా డిస్కులు మార్పించేసి, కీచు పోలేదేమని నన్నే నిలదీశారు. అందుకని ఈసారి చెబుదామనుకున్న డ్రమ్ బ్రేకులు వాయిదా.

క్యాలిపర్, ప్యాడ్ ఎక్కడుంటాయో మళ్లీ వివరించను: చక్రంతో తిరిగేది డిస్క్, దాన్ని నొక్కేవి ప్యాడ్లు, ప్యాడ్లను పట్టి నొక్కించేది క్యాలిపర్, అంతే.

ముందు ఒక్కటి గమనించండి: బండి నెమ్మదించేకొద్దీ ఆ గోల కూడా నెమ్మదిస్తోందా?

చిన్న కారు టైరు ఒక్క చుట్టుకు సుమారు 1.8 మీటర్లు పోతుంది. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు, అంటే 11 చుట్లు. డిస్కులో ఒకచోట మందం తేడా ఉంటే పెడల్ సెకనుకు 11 సార్లు తంతుంది. వేగం 36కి దిగితే అయిదారు సార్లే. ఇది కుదుపు. షెడ్డులో "డిస్క్ బెండ్" అనేస్తారు గానీ చాలాసార్లు అది వంకర కాదు, మందం తేడానే. 0.02 మిల్లీమీటర్ల తేడా చాలు, నోటుపుస్తకం కాగితంలో అయిదో వంతు. కంటికి ఆనదు, మైక్రోమీటరే దిక్కు.

కీచు అలా కాదు. సెకనుకు వెయ్యి ఊపులు, అంటే వెయ్యి హెర్ట్జ్‌కు పైమాటే, ఒక్కోసారి పదివేలు దాటుతుంది. బండి 30లో ఉన్నా 10లో ఉన్నా శ్రుతి దాదాపు మారదు. అది చక్రం లెక్క కాదు, డిస్క్, ప్యాడ్, క్యాలిపర్ల సొంత స్వరం.

ఇక నాకు ఒళ్లు మండే మాట: "ఘర్షణ గుణకం మారుతుంటేనే కీచు వస్తుంది." కాదు! గుణకం, అంటే ఒత్తిడిలో ఎన్నో వంతు రాపిడి బలమవుతుందో చెప్పే అంకె, 0.4 దగ్గర కదలకుండా కూర్చున్నా కీచు రావచ్చు. డిస్క్ కాస్త ఉబికితే ప్యాడ్ మీద ఒత్తిడి పెరుగుతుంది. గుణకం అదే, కానీ ఒత్తిడి పెరిగింది కనుక రాపిడి బలమూ పెరిగింది. అది ప్యాడ్‌ను పక్కకు లాగుతుంది. ప్యాడ్ ఒరిగితే డిస్క్ మీద ఒత్తిడి మళ్లీ మారుతుంది. డిస్క్ ఊపూ ప్యాడ్ ఊపూ స్వరంలో దగ్గరగా ఉంటే రాపిడి రెంటినీ ముడివేస్తుంది. ఊయల వెనక్కొచ్చిన ప్రతిసారీ ఎవరో సరిగ్గా తోసినట్టు ఊపు పెరుగుతూనే ఉంటుంది. ఆ ఊపుకు కావలసిన శక్తంతా తిరిగే చక్రంలోంచి వచ్చేదే.

అసలైన స్టిక్-స్లిప్ వినాలా? ఆటోమేటిక్ కారులో సిగ్నల్ దగ్గర బ్రేకు మెల్లగా వదలండి. బండి పాకేటప్పుడు వచ్చే ఆ గుర్రు, అదీ.

కీచుకు నేను ప్యాడ్ల జోలికి ముందే పోను. వాటి వెనక షిమ్ (పలుచని రేకు) ఉందా, ఊడిందా, క్యాలిపర్ పిన్నులు జారుతున్నాయా చూస్తాను. షిమ్‌లోని రబ్బరు పొర ఆ ఊపును మింగుతుంది. ప్యాడ్ మీద ఎమెరీ పేపర్ రుద్దితే తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలవుతుంది.

అభ్యాసం: షెడ్డులో పాత డిస్క్ అడిగి తెచ్చి, తాడుకు వేలాడదీసి, చిన్న సుత్తితో తట్టి, ఫోన్‌లో స్పెక్ట్రమ్ (ఏ స్వరం ఎంత గట్టిగా ఉందో) చూపే యాప్‌తో స్వరాలు రాసుకోండి. పక్క సీటులో మనిషిని కూర్చోబెట్టి మీ కారు కీచు రికార్డు చేయించి, రెండూ పోల్చండి. అచ్చంగా కలవవు, ఎందుకు కలవవో ఒక పేజీ రాయండి. టైరు మీద సుద్దగీత గీసి ఒక చుట్టు కొలిచి, 60, 40, 20లో కుదుపు లెక్క కట్టండి.

కీచు పోవాలని ప్యాడ్ ముఖాన గ్రీజు పూసిన ఇద్దరు మాత్రం బండి తీయకండి. ముందు ప్యాడ్లు మార్పించి, డిస్క్ బ్రేక్ క్లీనర్‌తో కడిగించండి, అభ్యాసం తర్వాత.